తప్పు పట్టుటకును శ్రమ కావలెను

యూసుఫ్‌గూడకు ఒకవంక కృష్ణానగరు, మరియొకవంక అమీర్‌పేట. కృష్ణానగరు అద్దెగదులలో చిన్న వేషములకై ఎదురుచూచు నటులును సహాయదర్శకులును కాపురముండగా, అమీర్‌పేట మైత్రీవనము పరిసరములలోని హాస్టళ్లు సాఫ్ట్‌వేరు కోర్సులు నేర్చుకొనువారితో కిక్కిరిసియుండును. కావుననే ఈ పేట టీకొట్ల వద్ద, శుక్రవారము విడుదలైన చిత్రమును, ఆ వారమే కొత్త రూపము దాల్చిన మొబైలు యాప్‌ను ఒకే నోట చీల్చి చెండాడుట వినవచ్చును. రెండును విమర్శలే యైనను వాని ధర్మములు వేరు. టికెట్టు కొని చిత్రము చూచినవాడు తన డబ్బుకు తగిన వినోదము దక్కెనో లేదో తోడివారితో చెప్పుకొనును. ఆ మాట ముఖ్యముగా రేపు టికెట్టు కొనబోవువాని కొరకు. సాఫ్ట్‌వేరును విమర్శించువాని మాట తరచుగా సూటిగా పోయి నిర్మాతచెవినే పడును. పైగా సాఫ్ట్‌వేరు ఏనాటికిని ముగిసినదని చెప్పరాని వస్తువు. నేడు చూపిన దోషము రేపటి రూపములో దిద్దబడవచ్చును. కనుక ఇచ్చట విమర్శించువాడు, తానెరిగినను ఎరుగకున్నను, ఆ నిర్మాణమున పాలుపంచుకొన్నవాడే యగుచున్నాడు.

ఈ మాటకు నిదర్శనము ఈ పేటలోనే కలదు. 2000ల చివరి సంవత్సరములలో యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో, తెలుగున బ్లాగులు వ్రాయువారును, తెలుగు వికీపీడియాకు వ్యాసములు కూర్చువారును, కంప్యూటరుకు తెలుగు నేర్పవలెనని పట్టుబట్టినవారును ఆదివారములందు కూడి మాటలాడుకొనుచుండిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసిన వెన్న నాగార్జున, పత్రికలు తమ తమ సొంత ఫాంటులలో బంధించియుంచిన తెలుగును యూనికోడులోనికి మార్చు "పద్మ" యను ఉపకరణమును రచించెను. దాని ఆధారముననే వీవెన్ అను మరియొక ఔత్సాహికుడు, ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయుటకు వీలైన "లేఖిని"ని వెలయించెను. ఇవి జీతమునకు చేసిన పనులు కావు. వాడుకొనువారు వెల యిచ్చి కొన్నవియు కావు. ఇట్టి పనులలో ఒకడు వ్రాసి పెట్టినదానిని పదిమంది వాడి, ఈ వత్తు తప్పినదనియు, ఆ పొల్లు పడలేదనియు చెప్పినప్పుడే అది పదునెక్కును.

అట్లని, దానమిచ్చిన ఆవు పండ్లు పట్టి చూడరాదను సామెతను ఇచ్చటికి ఈడ్చుకొని వచ్చి, ఉచితముగా లభించిన దానిలో తప్పులెన్నరాదని నోరు మూయించుట పొరపాటు. పండ్లు చూడవలసినదే, చూచినవాడు తాను చూచినదేమో సరిగా చెప్పవలెను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు లైసెన్సులలో దాదాపుగా అన్నిటను ఎట్టి హామీయు లేదను వాక్యమొకటి పెద్ద అక్షరములతో ఉండును. నిర్మాత మనకు చట్టరీత్యా ఏమియు బాకీపడియుండలేదని దాని భావము. బాకీ లేనివానిని బాకీదారుని వలె నిలదీయుటలోనే ఈ రంగమునందలి పెక్కు దురుసుమాటలు పుట్టుచున్నవి. "ఇంత చిన్న లోపమును ఇంకను దిద్దలేదా?" యను ప్రశ్నలో, అడిగినవాడు యజమానియై, చేసినవాడు పనివాడై నిలుచుచున్నారు.

మర్యాద యనగా తియ్యని మాటలని మనము సామాన్యముగా తలంతుము. సాఫ్ట్‌వేరు విషయమున మర్యాదలో అధికభాగము నోరు విప్పుటకు ముందు పడు శ్రమలోనే యున్నది. ఒక తెలుగు ఫాంటును గూర్చి ఒకడు "ఇది చెత్త, ఎందుకును పనికిరాదు" అని వ్రాసెననుకొందము. రెండవవాడు, "విండోసులో, ఫలానా వర్షనులో, 12 పాయింట్ల సైజున 'లక్ష్మి' అని టైపు చేసితిని, మకారపు వత్తు దిగువ పంక్తిలోని గుడులకు తగిలి చెరుగుచున్నది, పంక్తుల నడుమ ఎడము పెంచినచో బాగున్నది, ఇదే మాట వేరొక ఫాంటులో సరిగా వచ్చుచున్నది, తెరబొమ్మ జతపరచితిని" అని వ్రాసెననుకొందము. రెండవవాని మాటలో పొగడ్త ఒక్కటియు లేదు, క్షమాపణము లేదు, అడుగులకు మడుగులొత్తుట లేదు. ఐనను అది మొదటిదానికంటె ఎంతో మర్యాదగలది. ఏలయనగా చదివినవాడు దానిని పట్టుకొని వెంటనే పనికి పూనుకొనగలడు. మొదటివాని మాట వినినవాడు చేయగలిగినది నొచ్చుకొనుట యొక్కటే.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగక్షరము ప్రపంచమునందలి ఐఫోనులను హడలెత్తించినప్పుడు ఈ భేదము స్పష్టముగా కానవచ్చెను. జకారము, పొల్లు, ఞకారము, పిమ్మట కంటికి కనబడని "జీరో విడ్త్ నాన్ జాయినర్" అను సంకేతము, కడపట ఆకారపు గుర్తు, ఈ ఐదును ఆ వరుసలో కూడి సందేశముగా వచ్చినచో, దానిని తెరపై చిత్రింపబోయిన యాప్ కుప్పకూలుచుండెను. ఐఓఎస్ 11.2.5 నాటి లోపమది. "జ్ఞానము"లోని జ్ఞా యే ఫోనులను కూల్చుచున్నదని వార్తలు వ్యాపించెను. కొందరు ఆకతాయిలు దానిని పరిచితులకు పంపి వినోదించిరి. నాడు మొజిల్లాలో పనిచేయుచుండిన మనీష్ గోరేగావ్‌కర్ మాత్రము ఓపికతో ఒక్కొక్క అక్షరపు కూర్పును మార్చి మార్చి పరీక్షించి, దోషము తెలుగునకే పరిమితము కాదనియు, వంగ, దేవనాగరి లిపులలోని కొన్ని కూర్పులును అదే విధముగా ఫోనును కూల్చుచున్నవనియు, ఏ లక్షణముగల కూర్పులలో ఇది సంభవించుచున్నదో వివరముగా వ్రాసి ప్రకటించెను. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసి ఆ లోపమును దిద్దెను. ఒకే దోషమును ఎదుర్కొని, కొందరు దానితో ఆడుకొనిరి, కొందరు లిపిని నిందించిరి, ఒకడు దాని మూలమును త్రవ్వెను. విమర్శకుడను పేరు ఈ మూడవవానికే చెల్లును.

దురుసుతనము అనర్థమునకే దారితీసిన సంగతి యొకటి ఇటీవలనే జరిగినది. కంప్యూటరులలోని దత్తాంశమును కుదించు "ఎక్స్‌జెడ్" అను చిన్న ఉపకరణమును లాసె కోలిన్ అను ఫిన్లండు దేశీయుడు ఏండ్ల తరబడి ఒంటరిగా, వేతనము లేక పోషించుచు వచ్చెను. 2022లో కొన్ని అపరిచితపు పేర్లు ఆతనిపై విరుచుకుపడి, పని మందగించినదనియు, ఆసక్తి లేనిచో ఇతరులకు అప్పగింపుమనియు పదేపదే ఎత్తిపొడిచెను. తన మానసికారోగ్యము బాగుగా లేదనియు, ఇది జీతము లేని పనియనియు ఆతడు బదులు చెప్పుకొనవలసి వచ్చెను. ఆ ఒత్తిడి నడుమ, సాయము చేయవచ్చిన "జియా టాన్" అను పేరుగల వ్యక్తికి క్రమముగా అధికారము సంక్రమించెను. ఆ పేరు మాటున నున్నవారు 2024లో 5.6.0, 5.6.1 రూపములలో, ఇతరుల యంత్రములలోనికి రహస్యముగా చొరబడుటకు వీలగు దొంగతలుపు నమర్చిరి. ఎత్తిపొడిచిన పేర్లును ఆ పన్నాగములోనివే యని పరిశీలకులు పలువురు భావించుచున్నారు. నిష్ఠురపు మాట మనిషిని ఎంత త్వరగా అలయజేయునో వంచకులకు బాగుగా తెలియును.

ఆ దొంగతలుపును బయటపెట్టినవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను మైక్రోసాఫ్టు ఇంజనీరు. తన యంత్రములో లాగిన్ అగుటకు సుమారు అర సెకను ఆలస్యమగుట గమనించి, ఆ అర సెకనును విడువక వెంబడించి, మొదట సంబంధిత భద్రతా బృందములకు రహస్యముగా తెలిపి, 2024 మార్చి 29న బహిరంగముగా వ్రాసెను. ఆ లేఖలో తాను భద్రతాశాస్త్ర నిపుణుడను కాననియు, పరిశీలింపని భాగములు చాల కలవనియు స్పష్టముగా చెప్పుకొనెను. ఎరిగినదానిని, ఊహించినదానిని, ఎరుగనిదానిని మూడు కుప్పలుగా వేరుచేసి చెప్పుట ఎంతటి మర్యాదయో ఆ లేఖ చదివినవారికి బోధపడును. ప్రమాదకరమైన లోపమును బజారున పడవేయుటకు ముందు, దిద్దగలవారికి వ్యవధి యిచ్చుటయు ఈ మర్యాదలోనిదే.

కటువుగా మాటలాడువారే గట్టిపని చేయుదురను నమ్మకము సాఫ్ట్‌వేరు లోకమున చాలకాలము చెల్లినది. 1991లో లినక్సును ప్రారంభించిన లైనస్ టోర్వాల్డ్స్ తోటివారి కోడులోని తప్పులను దుర్భాషలతో ఖండించుటలో పేరుపడినవాడు. 2018 సెప్టెంబరులో ఆతడే తన మాటలు తోటివారిని నొప్పించినవని ఒప్పుకొని, క్షమాపణము చెప్పి, కొంతకాలము పనినుండి తప్పుకొనెను. ఆ సమయముననే లినక్సు కెర్నెలుకు ప్రవర్తనా నియమావళి ఏర్పడెను. మృదుత్వము వలన నాణ్యము చెడునని వాదించినవారు అప్పుడును కలరు. లినక్సు మాత్రము నేటికిని ప్రపంచపు సర్వర్లను నడిపించుచునే యున్నది.

తెలుగువారికి వాదోపవాదములు కొత్త కావు. జంటకవులైన తిరుపతి వేంకటకవులకును వేంకట రామకృష్ణకవులకును నడుమ చెలరేగిన కలహము పుస్తకములకెక్కినది. అందలి పద్యధార మెచ్చదగినదే యైనను, తగవు దేనికై పుట్టినదో నేటి పాఠకులలో ఎరిగినవారు అరుదు. వ్యావహారికభాషకై గిడుగు రామమూర్తి పంతులును గ్రాంథికవాదులైన పండితులతో తలపడినప్పుడు మెత్తగా మాటలాడినవాడు కాడు. ఐనను వారి నియమములకు విరుద్ధములైన ప్రయోగములను వారి రచనలనుండియే ఏరి, వరుసగా పేర్చి చూపినందున, ఆయన వాదము కాలమునకు నిలిచినది. పదును ఉండవచ్చును, అది సాక్ష్యమునకు ఉండవలెను, మనిషిమీదికి పోరాదు.

ఎదుటివాడెవడను విచక్షణయు కావలెను. సెలవుదినమున ఇంటికడ కూర్చుండి ఫాంటు గీయువానికిని, కోట్లు గడించు సంస్థకును, ప్రజాధనముతో నడచు ప్రభుత్వ పోర్టలుకును ఒకే కొలత తగదు. 2020లో తెలంగాణములో భూరికార్డుల ధరణి పోర్టలు వచ్చినప్పుడు, తన సర్వే నంబరు తప్పుగా నమోదైన రైతు గొంతెత్తి అడుగుట న్యాయమే. ఆతని బ్రతుకు ఆ నమోదుమీద ఆధారపడియుండెను. అప్పుడును ఆ కోపము నిర్ణయము చేసినవారికి చేరవలెనుగాని, కౌంటరు వద్ద కంప్యూటరు ముందు కూర్చున్న చిరుద్యోగి నెత్తిన పడరాదు.

విమర్శ నందుకొనువానికిని విధులు కలవు. అందినదని తెలుపవలెను, దిద్దజాలనిచో కారణము చెప్పవలెను, చెప్పినవానికి సాంకేతిక పరిభాష రాకున్న పరిహసింపరాదు. పొమ్మనలేక పొగబెట్టినట్లు మౌనము వహించుటకంటె, "ఇది మా ఉద్దేశములో లేదు" అని సూటిగా చెప్పుట మేలు.

తెలుగు వాడువారికి ఈ బాధ్యత మరింత అధికము. మన ఫోనులలో తెలుగును చిత్రించు సాఫ్ట్‌వేరును వ్రాయువారిలో పెక్కుమందికి తెలుగు చదువరాదు. వత్తు ఎక్కడ పడవలెనో, గుడి ఎక్కడ కూర్చుండవలెనో వారి కంటికి తెలియదు. వారి పనిలోని తప్పును చూడగలవారము మనమే. లిపి యెరుగనివానికి సైతము బోధపడునట్లు ఉండవలసిన రూపమిది, వచ్చిన రూపమిది యని ప్రక్కప్రక్కన చూపగలిగిననాడు మన ఫిర్యాదు దిద్దుబాటగును. అంతదాక, కాలిఫోర్నియాలో కూర్చున్న ఇంజనీరునకు మన తిట్టు కూడ ఒక చదువరాని తెలుగు వాక్యమే.