రాతిలో వచ్చిన పిలవని చుట్టాలు

ఇంగ్లండులో న్యూకీ అనే సముద్రతీర పట్టణం ఉన్నది. అక్కడి బ్లూ రీఫ్ అక్వేరియంలో 2009లో ఒక వింత జరిగింది. ఒక పెద్ద గాజుతొట్టెలో పగడాలు కత్తిరించినట్లు తెగిపోసాగాయి. చేపలకు గాయాలు కాసాగాయి. దొంగ మాత్రం కనిపించలేదు! చివరకు ఉద్యోగులు తొట్టెలోని రాళ్లన్నీ పైకి తీశారు. అప్పుడు బయటపడింది, నాలుగడుగుల పురుగు! దాని పేరు బాబిట్ పురుగు.

అంత పురుగు తొట్టెలోకి ఎట్లా వస్తుంది? సముద్రపు రాళ్లకు ఎన్నో రంధ్రాలుంటాయి. వాటిలో చిన్న చిన్న పురుగులు, పీతలు, రొయ్యలు కాపురముంటాయి. తొట్టెలో రాయి పెడితే దానితోపాటు అవీ వస్తాయి. పిల్లగా వచ్చిన పురుగు లోపలే తిని పెద్దదవుతుంది.

అయితే పిలవకుండా వచ్చిన ప్రతి ప్రాణీ దొంగేనా? కానే కాదు. ఒంటికి రెండు వైపులా నూగు కుచ్చులుండే బ్రిసిల్ పురుగును చూడండి. మిగిలిన మేతను, చచ్చిన చేపలను తిని అది తొట్టెను శుభ్రం చేస్తుంది. చచ్చిన చేప దగ్గర కనిపించింది గనుక అదే చంపిందని అనుకోరాదు. కాని చేతితో ముట్టరాదు. నూగు గుచ్చుకుంటే మంట!

ఐప్టేసియా అనే జీవి సంగతి వేరు. చూపులకు ముచ్చటైన పువ్వు. కాని దాని చేతులు తగిలితే పక్కనున్న పగడాలకు హాని. గిల్లి పారేద్దామంటే మిగిలిన ముక్క మళ్లీ పెరుగుతుంది. దానిని తినే పెప్పర్‌మింట్ రొయ్యను తొట్టెలో వదలడం ఒక ఉపాయం.

మరి గుర్తుపట్టడం ఎట్లా? వీటిలో చాలా జీవులు రాత్రిపూట బయటికి వస్తాయి. దీపాలార్పి, టార్చికి ఎర్రకాగితం చుట్టి చూడాలి. కాళ్లెన్ని? మీసాలెన్ని? ఏమి తింటున్నది? బొమ్మ గీసుకొని పుస్తకంలోని బొమ్మలతో పోల్చాలి. బాబిట్ పురుగుకు తలమీద అయిదు మీసాలు, కత్తెర వంటి దవడలు ఉంటాయి. ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకూడదు. అనుమానమున్న రాతిని వేరే ఉప్పునీటి తొట్టెలో ఉంచి గమనించాలి.

మీ ఇంట గాజుతొట్టె లేదా? పెరటిలోని పూలకుండీని పెద్దల సాయంతో జరిపి చూడండి. జెర్రి ఉండవచ్చు, రోకలిబండ ఉండవచ్చు. జెర్రికి ఒంటి కణుపు కణుపుకూ ఒక జత కాళ్లు, అది కుడుతుంది. రోకలిబండకు చాలా కణుపులకు రెండేసి జతలు. అది కుళ్లిన ఆకులు తింటుంది. ముట్టకుండా, దూరం నుంచే లెక్కపెట్టండి!