టాలిన్‌కు మూడు రోజుల యాత్ర: దంపతులు ముందుగా చూసుకోవలసినవి

ఫిన్లాండ్ సింధుశాఖకు దక్షిణ తీరాన ఎస్తోనియా దేశపు రాజధాని టాలిన్ ఉన్నది. జనాభా సుమారు నాలుగున్నర లక్షలు. మధ్యయుగాల నాటి పాత పట్టణం చెక్కుచెదరక నిలిచినందున యునెస్కో 1997లో దానిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. పట్టణాన్ని ఈ కొస నుండి ఆ కొసకు కాలినడకన అరగంటలోపే దాటవచ్చు. కొద్దిరోజుల సెలవుతో, పరిమితమైన సొమ్ముతో బయలుదేరే దంపతులకు ఇంతకంటె అనువైన చారిత్రక నగరం ఐరోపాలో అరుదు. అయితే ఇటువంటి యాత్రలు చెడిపోయేది ఆ నగరంలో కాదు. ఇల్లు కదలక మునుపే, కాగితాల దగ్గర.

వీసా, పేర్ల పొత్తు

ఎస్తోనియా 2007 నుండి షెంగెన్ కూటమిలో ఉన్నది. భారతీయులకు షెంగెన్ వీసా తప్పనిసరి. ప్రయాణానికి 6 నెలల ముందు నుండి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. నిర్ణయానికి సాధారణంగా 15 రోజులు పడుతుంది, ఒక్కొక్కప్పుడు 45 రోజుల వరకు సాగుతుంది. కాబట్టి రెండు మూడు నెలల ముందే దరఖాస్తు చేయడం క్షేమం. 2024 జూన్ నుండి పెద్దలకు రుసుము తలకు 90 యూరోలు. దరఖాస్తు కేంద్రం వసూలు చేసే సేవా రుసుము దీనికి అదనం. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులను భరించే ప్రయాణ బీమా ఉండాలి. తిరిగివచ్చే తేదీ తరువాత మరో 3 నెలలైనా పాస్‌పోర్టు చెల్లుబాటు కావాలి.

సరిహద్దు గ్రామాల కుటుంబాలు మరొక సంగతి గమనించాలి. భార్య పుట్టిల్లు ఒక రాష్ట్రంలో, అత్తవారిల్లు మరొక రాష్ట్రంలో ఉండడం ఇక్కడ సర్వసాధారణం. ఒకచోట ఇంటిపేరు ముందు వ్రాస్తారు. మరొకచోట తండ్రి పేరులోని తొలి అక్షరమే పేరుకు తోడవుతుంది. ఒకే మనిషి పేరు పాస్‌పోర్టులో ఒక విధంగా, బ్యాంకు పుస్తకంలో మరొక విధంగా, వివాహ ధ్రువపత్రంలో ఇంకొక విధంగా ఉంటే పరిశీలించే అధికారికి సందేహం కలుగుతుంది. కన్నడం, తమిళం, ఒడియా భాషలలో ఉన్న పత్రాలకు ఆంగ్ల అనువాదం జతచేయాలి. పాస్‌పోర్టులోని పేరునే ప్రమాణంగా తీసుకొని తక్కిన పత్రాలను ముందుగానే సరిచేయించుకొనడం ఉత్తమం. వీసా చేతికి వచ్చేవరకు రద్దు చేసుకొనే వీలున్న టిక్కెట్లు, బసలు మాత్రమే తీసుకోవాలి.

ఎక్కువ రోజులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలన్నది షెంగెన్ నియమం. ఓడలో రెండు గంటల ప్రయాణమే కదా అని హెల్సింకిని కూడా కలుపుకొనదలచినవారు రాత్రుల లెక్క ముందే తేల్చుకోవాలి. మూడు రోజులే ఉంటే ఒక్క టాలిన్‌తో తృప్తిపడడం మేలు.

ఏ మాసంలో వెళ్ళాలి?

మాఘమాసంలో పెళ్ళి చేసుకొని వెంటనే బయలుదేరితే అక్కడ అది గడ్డకట్టే చలికాలం. డిసెంబరు చివర పగలు సుమారు ఆరు గంటలే. జూన్‌లో సుమారు పద్దెనిమిదిన్నర గంటలు వెలుగుంటుంది. జులైలో కూడా సగటు ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపే. మే నుండి సెప్టెంబరు వరకు అనుకూలమైన కాలం. మంచు చూడాలన్న ముచ్చట గలవారు డిసెంబరులో పురభవనం ముందు జరిగే క్రిస్మస్ సంతకు వెళ్ళవచ్చు. అయితే దళసరి ఉన్ని దుస్తులు, జారని బూట్లు వెంట ఉండాలి.

భారతదేశం నుండి టాలిన్‌కు నేరుగా విమానం లేదు. దారిలో షెంగెన్ దేశంలో మొదట దిగిన విమానాశ్రయంలోనే ప్రవేశ తనిఖీ జరుగుతుంది. 2025 అక్టోబరులో మొదలైన కొత్త పద్ధతి ప్రకారం అక్కడ ముఖచిత్రం తీసుకుంటారు. అందుచేత విమానం మారడానికి వ్యవధి ఎక్కువగా ఉంచుకోవాలి. టాలిన్ విమానాశ్రయం నగర మధ్యానికి నాలుగు కిలోమీటర్ల దూరమే, ట్రామ్‌లో చేరుకోవచ్చు. పాత పట్టణపు వీధులు రాళ్ళు పరచినవి కనుక బరువైన చక్రాల పెట్టెలు లాగడం కష్టం.

మూడు రోజుల క్రమం

మొదటి రోజు దిగువ పట్టణానికి కేటాయించాలి. 1248లో ఈ పట్టణానికి ల్యూబెక్ నగర చట్టం లభించింది. హన్సా వర్తక సంఘంలో చేరి ఇది సంపన్నమైంది. 1404లో పూర్తయిన పురభవనం, 1422 నాటికే నడుస్తున్న ఔషధశాల ఒకే చౌకులో ఉన్నాయి. ఆ మందుల దుకాణం నేటికీ పనిచేస్తున్నది. సుమారు 124 మీటర్ల శిఖరం గల ఒలెవిస్తె చర్చి, కోటగోడ బురుజులు నడకదూరంలోనే కనబడతాయి.

రెండవ రోజు తోంపియా గుట్ట. దిగువన వర్తకులు, ఎగువన ప్రభువర్గం. రెండింటికీ వేర్వేరు పాలన, వేర్వేరు చట్టం. నడుమ ద్వారాన్ని రాత్రివేళ మూసివేసేవారు. పందొమ్మిదవ శతాబ్దంలో గాని ఈ రెండూ ఒక్క ఊరు కాలేదు. పక్కపక్కనే ఉండి రెండు రాష్ట్రాల కింద బ్రతికే గ్రామాలవారికి ఈ కథ సులభంగా బోధపడుతుంది. గుట్టమీద దేశ పార్లమెంటు భవనం, 1900లో పూర్తయిన అలెగ్జాండర్ నెవ్‌స్కీ చర్చి ఉన్నాయి. అక్కడి నుండి పట్టణపు ఎర్ర పెంకుల కప్పులు, సముద్రం ఒక్క చూపులో కనిపిస్తాయి.

మూడవ రోజు దంపతులు తమ అభిరుచిని బట్టి ఎంచుకోవచ్చు. రష్యా చక్రవర్తి పీటర్ 1718లో తన భార్య కేథరిన్ కోసం కట్టించ మొదలుపెట్టిన కాద్రియోర్గ్ భవనం, ఉద్యానం ఒకవైపు. పాత పల్లెటూరి ఇళ్ళను, గాలిమరలను తెచ్చి నిలిపిన ఆరుబయలు ప్రదర్శనశాల మరొకవైపు. రెండింటినీ ఒకే రోజున చూడబోతే అలసటే మిగులుతుంది.

భోజనం, ఖర్చు

2011 నుండి అక్కడ యూరో చెలామణిలో ఉన్నది. కార్డులు దాదాపు అంతటా చెల్లుతాయి. మాంసం తిననివారు సూపులో మాంసపు రసం కలిసిందేమో అడిగి తెలుసుకోవాలి. నల్లని రై రొట్టె, పెరుగు, బంగాళాదుంపలు విరివిగా దొరుకుతాయి. వేయించిన ధాన్యాలు, బఠాణీలు విసిరిన ‘కామా’ అనే పిండిని మజ్జిగలోనో పెరుగులోనో కలుపుకొని తింటారు. సత్తుపిండి ఎరిగినవారికి అది కొత్తగా తోచదు.

ఖర్చును మూడు పద్దులుగా వ్రాసుకొనడం మంచిది: వీసా, బీమా, విమానం ఒకటి, బస, భోజనం, ప్రవేశ రుసుములు రెండవది, అత్యవసరానికి విడిగా ఉంచేది మూడవది. వీసా నిరాకరించినా దరఖాస్తు రుసుము తిరిగిరాదు. కనుక అప్పుచేసి బయలుదేరడం కంటె ఒక ఏడాది ఆగి, పత్రాలు సరిచేసుకొని, కూడబెట్టిన సొమ్ముతో వెళ్ళడమే వివేకం.