పాత ట్రాక్టరుకు ధర కట్టేదెలా?

సాగర్ ఎడమ కాలువ పల్లెల్లో అమ్మేవారికి, కొనేవారికి ఒకటే చిక్కు

కోదాడ : "మామా, బండి ఎంతకిస్తరు?"

"ఆరు లక్షలకు రూపాయి తగ్గద్దు. బిడ్డ పెండ్లి పెట్టుకున్నం."

"కొత్త బండే ఏడు లక్షల చిల్లరకు వస్తుంటే పాతదానికి ఆరు ఎవరిస్తరు మామా?"

బేరం ఇక్కడే ఆగిపోతుంది. కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట చుట్టుపక్కల పల్లెల్లో నాట్ల కాలం దగ్గర పడితే టీ కొట్ల వద్ద వినిపించే మాటలివి. ఇద్దరిలో ఎవరూ మోసగాళ్లు కారు. ఒకరు తన అవసరాన్ని బట్టి ధర చెబుతున్నారు, మరొకరు తన జేబును బట్టి అడుగుతున్నారు. బండి విలువ ఎంతన్నది మాత్రం ఇద్దరూ లెక్క కట్టలేదు.

నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీరు వదిలారు. ఎడమ కాలువ కింద వరి సాగు పెరిగిన కొద్దీ ఎడ్ల నాగళ్లు వెనకబడి, క్రమేణా ట్రాక్టర్లు ముందుకు వచ్చాయి. దమ్ము చేయాలన్నా, మిర్యాలగూడ రైసు మిల్లులకు ధాన్యం తోలాలన్నా, సూర్యాపేట మార్కెట్ యార్డుకు బస్తాలు చేర్చాలన్నా ట్రాక్టరు లేనిదే పని సాగదు. కొత్తది కొనే శక్తి లేని రైతుకు పాత బండే దిక్కు. అమ్మే రైతుకేమో భూమి తర్వాత అదే పెద్ద ఆస్తి. ధర ఎక్కువ చెబితే బండి చెట్టు కిందే ఉండిపోతుంది. తక్కువ చెబితే ఒక పంట కష్టం ఎగిరిపోతుంది.

కొన్న ధర కాదు, నేటి ధర

చాలామంది అమ్మేవారు తాము కొన్నప్పటి ధరను పట్టుకుని కూర్చుంటారు. కొనేవాడు చూసేది ఈరోజు షోరూములో ఉన్న ధర. ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను గాక 7 లక్షల రూపాయల బండి అనుకుంటే, లోగడ పన్నుతో కలిపి 7,84,000 అయ్యేది. ఇప్పుడు 7,35,000 అవుతుంది. కొత్త బండికే 49,000 తగ్గినప్పుడు పాత బండి యజమాని ఆ తగ్గుదలను కాదనలేడు.

గంటల లెక్క

ట్రాక్టరు వయస్సును ఏళ్లతో గాక గంటలతో కొలవడం మేలు. వ్యవసాయ ఇంజనీరింగు లెక్కల్లో దాని ఆయుష్షు సుమారు 10,000 గంటలని, ఆఖరున పదో వంతు విలువ మిగులుతుందని పట్టుకోవడం వాడుక. పై బండి 4,000 గంటలు నడిచిందనుకుందాం. 7,35,000లో పదో వంతు 73,500 తీసివేస్తే 6,61,500. అంటే గంటకు సుమారు 66 రూపాయల అరుగుదల. 4,000 గంటలకు 2,64,600 పోగా బండి విలువ 4,70,400.

ఇందులోంచి కొన్నవాడు వెంటనే పెట్టవలసిన ఖర్చు తగ్గించాలి. వెనక టైర్లకు, క్లచ్ ప్లేటుకు కలిపి 70 వేలు అవుతుందనుకుంటే మిగిలేది 4 లక్షల పైచిలుకు. అదే న్యాయమైన ధర. బేరానికి వీలుగా పాతిక వేలు కలిపి 4,25,000 చెబితే తప్పు లేదు. ఆరు లక్షలంటే మాత్రం అడగవచ్చినవాడు మళ్లీ ఆ గడప తొక్కడు. ఈ లెక్కను చుట్టుపక్కల ఇటీవల అమ్ముడైన అదే రకం బండ్ల ధరతో సరిచూసుకోవాలి.

మీటరు ఒక్కదాన్నే నమ్మరాదు. అది ఆగిపోయి ఉండవచ్చు, మార్చి ఉండవచ్చు. సర్వీసు పుస్తకం చూడాలి, పెడళ్ల అరుగుదల గమనించాలి.

బురద చెప్పే నిజం

ఒకే గంటలు నడిచిన రెండు బండ్లు ఒకటి కావు. కేజీవీల్స్ వేసి దమ్ము చేసిన బండికి ఇరుసుల సీళ్లలోకి బురద చేరి ఆయిలు కారుతుంది, బ్రేకులు దెబ్బతింటాయి. ట్రాలీ లాగిన బండికి క్లచ్, టైర్లు ముందుగా అరుగుతాయి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించి చూడాలి. నీలి పొగ వస్తే ఆయిలు కాలుతున్నట్టు, ఇంజను బోరు ఖర్చు దగ్గరలో ఉన్నట్టు.

2024 సెప్టెంబరు 1 నాటి వరదల్లో నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం వద్ద ఎడమ కాలువకు గండి పడిన సంగతి ఈ ప్రాంతం మరువలేదు. కనుక బండి ఎప్పుడైనా నీట మునిగిందా అని అడగడం కొనేవాడి హక్కు, చెప్పడం అమ్మేవాడి ధర్మం. ఆయిలు పాలలా తెల్లబారి ఉంటే నీరు కలిసినట్టే.

కాగితాలకూ ధర ఉంది

కోదాడ దాటితే ఆంధ్రప్రదేశ్. అవతలి రిజిస్ట్రేషను బండికి అక్కడి రవాణా అధికారి నుంచి 28వ నంబరు ఫారంతో నిరభ్యంతర పత్రం తేవాలి. ఆ తిరుగుడు ఖర్చు ధరలో తగ్గాల్సిందే. బ్యాంకు అప్పు తీరితే 35వ ఫారం, పేరు మార్పుకు 29, 30 ఫారాలు కావాలి. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషను ఉంటుంది, దాని పేరూ మార్చాలి.

ఒకే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా అధికారికి తెలపాలని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతోంది. బయానా తీసుకుని తాళం ఇచ్చేసి, పేరు సంగతి తర్వాత చూద్దామనేవారు అన్నిటికన్నా పెద్ద నష్టం నెత్తిన పెట్టుకుంటున్నారు. బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగితే రికార్డులో పేరున్నవాడే యజమానిగా బాధ్యుడని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న తీర్పు చెప్పింది. నాలుగు లక్షలకు అమ్మిన బండి మీద అంతకు మించిన పరిహారం కట్టవలసి రావచ్చు.

ఇక మిగిలింది అదను. దమ్ముకు ముందు కొనేవారు ఎక్కువ. కాలువ నీరు రాని ఏడాది అమ్మేవారే ఎక్కువ. పెండ్లి ముహూర్తం పెట్టుకుని బండి బేరానికి దిగితే ధర ఎదుటివాడు చెబుతాడు. ఒక నెల ముందు లెక్క రాసుకుని, కాగితాలు సరిచేసుకుని దిగితే ఆ రైతే చెప్పగలుగుతాడు.