ఒక్క మీటతో నడచు ఆజ్ఞలు

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు పిల్లలుగాని పెద్దలుగాని ఇప్పుడు అనేక గృహములలో కనబడుచున్నారు. వారు టైపు చేయునది మొదట వట్టి అక్షరముల వరుస. దానిని యంత్రమునకు తెలియు రూపములోనికి మార్చి, విడి భాగములను ఒకచోట కూర్చి, నడచు ప్రోగ్రాముగా తయారు చేయవలెను. ఈ పనిని బిల్డ్ అందురు. వ్రాయుటకు వాడు సాధనము టెక్స్ట్ ఎడిటరు. ఎడిటరులోనుండియే బిల్డ్ ఆజ్ఞను నడపుటవలన కలుగు సౌకర్యమును, దాని వెంట వచ్చు ప్రమాదమును నేడు విచారింతము.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1976లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' అను సాధనమును నిర్మించెను. దానికి కారణము ఒక చిన్న చిక్కు. ఆయన సహోద్యోగి స్టీవ్ జాన్సన్ ఒకనాటి ఉదయమంతయు తన ప్రోగ్రాములో తప్పుకొరకు వెదకెను. ఆ తప్పు అప్పటికే దిద్దబడియుండెను. దిద్దిన ఫైలును మరల కంపైలు చేయుట మాత్రము జరుగలేదు. ఇట్టి మరపు కలుగకుండ, ఏ ఫైలు దేనిపై ఆధారపడునో, ఏది మారినచో ఏ ఆజ్ఞ నడపవలెనో మేక్‌ఫైలు అను పత్రములో వ్రాసియుంతురు. మేక్ ఆ ఫైళ్ళు మారిన వేళలను పోల్చి, అవసరమైన పనిని మాత్రమే చేయును. ఉడికిన పప్పును మరల ఉడికింపము గదా. తాలింపు మిగిలియున్నచో తాలింపే వేయుదుము.

పిమ్మట ఎడిటరులు ఈ పనిని తమలోనికే తెచ్చుకొన్నవి. ఈమాక్స్‌లో 'కంపైల్', విమ్‌లో 'మేక్' అను ఆజ్ఞలు కలవు. విజువల్ స్టూడియో కోడ్‌లో మూడు మీటలను కలిపి నొక్కిన చాలును. టైపు చేయు శ్రమ తగ్గుట ఇందు స్వల్పలాభము. అసలు లాభము తప్పు దొరకుటలో ఉన్నది. ఫలానా ఫైలులో 42వ పంక్తిలో దోషమున్నదని కంపైలరు చెప్పగా, ఎడిటరు ఆ మాటను గ్రహించి మనలను సరిగా ఆ పంక్తివద్దకే చేర్చును. వ్రాయువాని దృష్టి పనినుండి తొలగదు.

అయితే నడచుచున్న ఆజ్ఞ ఎవరిది? మేక్‌ఫైలును మనమే వ్రాసియుండినచో చింత లేదు. కాని పరులు వ్రాసిన ప్రోగ్రాములను ఇంటర్నెట్‌నుండి తెచ్చుకొని విప్పిచూచుట నేడు పరిపాటి. వాటితో వారి ఆజ్ఞలును వచ్చును. అవి మన కంప్యూటరులో మన పేరుతో, మన అధికారముతో నడచును. మనము చెరపగలదానిని అవి చెరపగలవు. మనము చదువగలదానిని చదివి బయటకు పంపగలవు. ఇంటిలోని ఒకే కంప్యూటరులో పిల్లవాని ప్రోగ్రాములు, తండ్రిగారి బ్యాంకు పత్రములు, పెండ్లి ఫొటోలు కలిసియుండుట కద్దు. అట్టి యింట చదువక మీట నొక్కుట, దొంగచేతికి తాళపుచెవులిచ్చినట్లు కావచ్చును.

మీట నొక్కకున్నను ప్రమాదము రావచ్చునని 2019లో వెల్లడియైనది. విమ్‌లో ఫైలు మొదటనో చివరనో ఒక పంక్తి వ్రాసి, ఆ ఫైలునకు తగిన అమరికలను సూచించు ఏర్పాటు కలదు. అందలి లోపమువలన, మోసబుద్ధితో కల్పించిన ఫైలును తెరచినంతనే ఆజ్ఞలు నడువవచ్చునని తేలినది. ఆ లోపమును ఆ యేడే సవరించిరి. పాత ప్రతులను వాడుచుండక, ఎడిటరును ఎప్పటికప్పుడు కొత్త ప్రతికి మార్చుకొనవలెననుటకు ఇది చాలిన కారణము.

ఎడిటరులు తమవంతు కాపలాను ఏర్పరచినవి. ఫైలులో ప్రమాదకరమైన అమరిక కనబడినచో ఈమాక్స్ మన అనుమతి కోరును. విజువల్ స్టూడియో కోడ్ 2021నుండి, కొత్త ఫోల్డరును తెరచినపుడు దానిని వ్రాసినవారిని నమ్ముచున్నామా అని ప్రశ్నించును. నమ్మమన్నచో ఫైళ్ళను చదువనిచ్చును గాని అందలి పనులను నడుపదు. ఈ ప్రశ్న విసుగు కలిగించుమాట నిజము. మేమును ఎన్నోమారులు దానిని చదువకయే అవునంటిమి. కాని అవుననుట అలవాటైనపుడు కాపలాదారు ఉండియు లేనివాడే.

కావున మేము సౌకర్యమును వలదనము. పరుల ప్రోగ్రామును తెచ్చినపుడు మొదట దాని మేక్‌ఫైలును కన్నులార చదువుడు. ఆజ్ఞలను నడపక చూపుమని మేక్‌ను కోరు పద్ధతి కలదు. అయినను కొన్ని ఆజ్ఞలు అప్పుడును నడచును గనుక, చదువుటకు అది బదులు కాదు. అర్థము కానిచో, విలువగల పత్రములేవియు లేని వేరొక కంప్యూటరులో ప్రయత్నింపుడు. చదువుటకు పట్టునది అయిదు నిమిషములు. పోయిన ఫొటోలు మరల రావు.