వ్రేలిముద్రయే తాళపుఁజెవి

వ్రేలిముద్ర యనఁగానే చదువురానివారి గుఱుతని చిన్నచూపు చూచుట మనకు వాడుక. నేఁడు మహాపండితులును తమ సెల్లుఫోను తెఱచుటకు నిశానీ వేయవలసినవారే!

మన పెద్దలు పసిబిడ్డల వ్రేళ్లలో శంఖములెన్ని, చక్రములెన్ని యని లెక్కించి మురియుచుందురు. ఈ గీఁతలు శిశువు తల్లికడుపులో నున్నపుడే, మూఁడవ నెల మొదలు ఆఱవ నెల లోపల నేర్పడును. ఒక్క పోలికగల కవలలకైనను నివి సరిపోలవు. 1858వ సంవత్సరమున వంగదేశమందు విలియం హెర్షెల్ అను దొర యొక యొడంబడికపై రాజ్యధర్ కోనాయ్ అను నతని హస్తముద్రను గైకొనెను. 1897లో కలకత్తాయందు వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. ముద్రలను వర్గీకరించు గణితమును సాధించుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు గార్లు మిక్కిలి శ్రమించిరి. పేరు మాత్రము పైయధికారి హెన్రీకి దక్కినది.

యంత్రమునకు శంఖచక్రములు చాలవు. గీఁత యెచ్చట ముగిసినది, యెచ్చట రెండుగాఁ జీలినది యని చూచును. సెల్లుఫోనులు కొన్నింట వ్రేలి మిట్టలు పలకకు దగ్గఱగను, పల్లములు దూరముగను నుండుటచేఁ గలుగు విద్యుద్భేదమును బట్టి యా రూపము తెలియును. అందలి గుఱుతులను అంకెలుగా మార్చి దాఁచుకొని, మరల వ్రేలుంచినపుడు పోల్చును. రెండుసారులును ముద్ర యొక్క తీరున పడదు గనుక, ఇంత పోలిక చాలునని యొక హద్దు పెట్టుదురు. హద్దు సడలించిన దొంగ లోనికి వచ్చును; బిగించినచో ఇంటియజమానురాలే గుమ్మము వెలుపల నిలువవలసి వచ్చును.

ఇది వేడుకమాట కాదు. మా యెఱుకలోని యొక వృద్ధురాలు మిరపకాయల తొడిమలు తీసి జీవించును. చౌకడిపోలో యంత్రము ఆమె బొటనవ్రేలిని, చూపుడువ్రేలిని గూడ నిరాకరించెను. కష్టించి యరిగిన చేతికే బియ్యము లేకపోయెనని యామె కన్నీరు పెట్టుకొనఁగాఁ జూచితిమి. తుదకు ఎడమచేతి ఉంగరపువ్రేలు పనికివచ్చినది. పది వ్రేళ్లలో దేని గీఁతలు చెడకున్నవో ముందే పరీక్షింపించుకొనుట మేలు. వ్రేళ్లు పనికిరానిచోఁ గనుపాపను జూచు యంత్రములును గలవు.

మఱియొక భయము. తాళము పోయినచో మార్చుకొందుము. వ్రేలిని మార్చుకొనలేము గదా! 2018లో తెలంగాణమున సిమ్ము కార్డుల వర్తకుఁడొకఁడు భూముల రిజిస్ట్రేషను దస్తావేజులలోని ముద్రలను గైకొని, రబ్బరు అచ్చులు చేయించి, ఇతరుల పేర కార్డులు నడిపించెనని పోలీసులు పట్టిరి. కావున ఆధార్ వారి వెబ్‌సైటులోఁ గాని యాప్‌లోఁ గాని మన ముద్రలకు తాళము వేసికొను సౌకర్యమును వాడుకొనవలెను. తాళము వేసి డిపోకుఁ బోయినచో బియ్యము రావు. బయలుదేఱుటకు మునుపే దానిని తీయవలెను.