బిగింపు కోసం పుట్టిన దారం

1980లలో లాస్ ఏంజెలిస్‌లోని సన్‌సెట్ స్ట్రిప్ మీద వెలిగిన గ్లామ్ రాక్ బృందాల ఫొటోలు చూస్తే ఎవరి కళ్లయినా ముందు జుట్టు మీదికే పోతాయి. ఆ తర్వాత కాటుక, లిప్‌స్టిక్, మెడలో కండువాలు, ముంజేతికి మేకుల పట్టీలు. ఆ కాలపు వేషం కట్టాలని సరదాపడేవాళ్లు కూడా ఈ వరసలోనే మొదలుపెడతారు. ప్యాంటు సంగతి చివర్లో చూసుకోవచ్చులే అనుకుంటారు. నా దృష్టిలో ఇది తలకిందుల లెక్క. జుట్టు, రంగులు, తళుకులు అంతకు పదేళ్ల ముందే రాక్ వేదిక ఎక్కాయి. మోట్లీ క్రూ, పాయిజన్, రాట్ లాంటి బృందాల వేషంలో కొత్తదనం నడుము నుంచి కిందికే ఉంది. పిక్కల దాకా ఒక్క ముడత లేకుండా ఒంటికి అతుక్కుని, గాల్లోకి ఎగిరి కాళ్లు బార్లా చాపినా చిరగని ప్యాంటు అది. దాన్ని అభిరుచి మార్పుగానో, కుర్రకారు తిరుగుబాటుగానో చెప్పడం మామూలు. కానీ దాని అసలు పుట్టుక ఒక రసాయన ప్రయోగశాలలో ఉంది. అక్కడివాళ్లు రాక్ సంగీతం గురించి కాదు, ఆడవాళ్ల లోదుస్తుల గురించి ఆలోచిస్తున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి అమెరికాలో మధ్యతరగతి మహిళ గర్డిల్ లేకుండా గడప దాటేది కాదు. నడుమును, పొట్టను, తుంటిని బిగించి పట్టే లోదుస్తు అది. దాని బిగువంతా రబ్బరుదే. 1931లో వచ్చిన లాస్టెక్స్ అనే నూలులో సన్నటి రబ్బరు పోగు చుట్టూ నూలో పట్టో చుట్టేవారు. రబ్బరుకు చెమట పడదు, ఒంటి నూనె పడదు, ఎండ పడదు. కొన్నాళ్లకే పెళుసెక్కి తెగుతుంది. రంగు పట్టదు కనుక పైన తొడుగు తప్పదు, తొడుగుతో మందం తప్పదు. పైగా 1942లో మలయా, డచ్ ఈస్ట్ ఇండీస్ తోటలు జపాన్ చేతిలోకి వెళ్లేసరికి, రబ్బరు కోసం దూరదేశాల మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో అమెరికాకు తెలిసొచ్చింది. నైలాన్‌తో పట్టుకు బదులు చూపించిన డ్యూపాంట్ కంపెనీ, రబ్బరు దారానికీ బదులు వెతకడం మొదలుపెట్టింది. వర్జీనియా రాష్ట్రంలోని వేన్స్‌బరోలో ఆ కంపెనీకి బెంగర్ లేబొరేటరీ ఉండేది. 1946లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పూర్తి చేసి కంపెనీలో చేరిన జోసెఫ్ షివర్స్ అక్కడ ఈ పని అందుకున్నాడు. మొదటి ప్రయత్నాలు ఫలించక పక్కన పెట్టేశారు. మళ్లీ ఎత్తుకుని, పట్టువిడవకుండా సాగిస్తే, దాదాపు పదేళ్ల శ్రమ 1958లో ఫలించింది. మరుసటి ఏడాది ప్రపంచానికి చూపినప్పుడు దాని పేరు ఫైబర్ కె. తర్వాత అదే లైక్రా అయింది. అమెరికాలో ఈ జాతి దారాలన్నిటికీ స్పాండెక్స్ అనీ, యూరప్‌లో ఎలాస్టేన్ అనీ పేరు స్థిరపడింది. పూర్తి స్థాయి ఉత్పత్తి 1962లో మొదలైంది.

ఈ దారం చేసిందేమిటో తెలియాలంటే రబ్బరు ఎందుకు సాగుతుందో ముందు చూడాలి. రబ్బరు అణువు చాలా పొడవైన గొలుసు. తన మానాన తనను వదిలేస్తే, బావి గట్టు మీద కుప్పగా పడేసిన చేదతాడులా మెలికలు తిరిగి పడుంటుంది. లాగితే మెలికలు విడిపోయి తిన్నగా అవుతుంది. వదిలితే, ఉష్ణం వల్ల నిరంతరం సాగే అణువుల అలజడి దాన్ని మళ్లీ మెలికల్లోకి తోస్తుంది. అయితే గొలుసులు ఒకదాని పక్క నుంచి మరొకటి జారిపోతే సాగిన వస్తువు సాగినట్టే ఉండిపోతుంది. అందుకే గంధకంతో వండి, గొలుసుకూ గొలుసుకూ మధ్య రసాయన ముడులు వేస్తారు. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుక్కున్న కిటుకు ఇదే. చిక్కు కూడా ఇందులోనే ఉంది. ఆ ముడులు శాశ్వతం. ఒకసారి పడ్డాక రబ్బరు కరగదు, దేనిలోనూ ద్రవంగా మారదు. కనుక దాన్ని నైలాన్ లాగా సన్నటి రంధ్రాల గుండా వెంట్రుకంత పోగుగా తీయడం కుదరదు.

స్పాండెక్స్ ఈ ముడులనే మార్చేసింది. జర్మనీలో ఓటో బేయర్ బృందం 1937లో దారి తీసిన పాలీయూరితేన్ రసాయనం దీనికి పునాది. స్పాండెక్స్ గొలుసులో రెండు రకాల ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఒకటి మెత్తటిది, పొడవైనది; మెలికలు తిరిగేదీ సాగేదీ అదే. రెండోది పొట్టిది, గట్టిది, సాగదు. పక్కపక్క గొలుసుల గట్టి ముక్కలు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని గుంపులు కడతాయి. రబ్బరులో గంధకం చేసే పని ఇక్కడ ఈ గుంపులు చేస్తాయి. కానీ ఇవి శాశ్వతమైన రసాయన ముడులు కావు. తగిన ద్రావకంలో వేస్తే విడిపోతాయి. ఆ చిక్కటి ద్రావణాన్ని సన్నటి రంధ్రాల గుండా వేడి వాయువులోకి వదిలితే ద్రావకం ఆవిరై, గుంపులు మళ్లీ కట్టుకుని, దారం చేతికొస్తుంది. ఆ దారం తన పొడవుకు అయిదారు రెట్లు సాగి, వదిలితే దాదాపు మొదటి పొడవుకు తిరిగొస్తుంది. రంగు పడుతుంది, చెమటకు ఓర్చుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, నైలాన్ పోగుతో కలిసి అల్లిక యంత్రంలోకి వెళ్లగలిగేంత సన్నంగా ఉంటుంది. సాగుడు గుణం నడుము పట్టీలో ఒక గీతగా మిగిలిపోకుండా బట్ట మొత్తానికీ వ్యాపించింది అప్పుడే.

కానీ ఈ దారం ఎవరి కోసం పుట్టిందో వాళ్లే త్వరలో దాన్ని తోసిపుచ్చారు. 1960లు ముగిసేసరికి మినీ స్కర్టులు, ప్యాంటీహోజ్ వచ్చి గర్డిల్‌ను ముసలివాళ్ల సామాను చేశాయి. 1968 సెప్టెంబరులో అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికా పోటీల బయట స్త్రీవాదులు చేసిన ప్రసిద్ధ నిరసనలో చెత్తడబ్బాలో పడ్డ వస్తువుల్లో గర్డిళ్లు కూడా ఉన్నాయి. ఒక ఉత్పత్తి కథ అక్కడితో ముగియాల్సింది. అదే ఏడాది కెన్నెత్ కూపర్ అనే వైద్యుడు ‘ఏరోబిక్స్’ పుస్తకం వెలువరించాడు. వ్యాయామం మధ్యతరగతి అలవాటుగా మారడం మొదలైంది. ఈత దుస్తులు, స్కీయింగ్ దుస్తులు, సైకిల్ పందేల నిక్కర్లు, నృత్యశిక్షణలో వేసుకునే లియోటార్డులు ఒక్కొక్కటే ఈ దారాన్ని తీసుకున్నాయి. 1982లో జేన్ ఫోండా వ్యాయామ వీడియో వచ్చేనాటికి లైక్రా ఒంటిని దాచి సరిచేసే బట్టగా కాక, సరిచేసుకున్న ఒంటిని చూపించే బట్టగా పేరు తెచ్చుకుంది. మానవశాస్త్రజ్ఞురాలు కయోరి ఒకానర్ ఈ దారం మీద ఒక పుస్తకమే రాసింది. అందులో ఆమె ఎక్కువగా పట్టించుకున్నది యుద్ధానంతర తరం అమెరికన్ స్త్రీలనే, అది సబబే. రాక్ గాయకులు ఆ కథలో పక్కదారి. నా ఆసక్తి ఆ పక్కదారి మీద.

ఇక్కడ మొదటి అభ్యంతరం ఎదురవుతుంది. గ్లామ్ రాక్ 1970లలో బ్రిటన్‌లో పుట్టింది కదా, దానికీ స్పాండెక్స్‌కూ సంబంధమేమిటి? నిజమే. 1971లో టి. రెక్స్ గాయకుడు మార్క్ బోలన్ బుగ్గల మీద తళుకులతో టీవీలో కనిపించాడు. 1972లో డేవిడ్ బోవీ జిగ్గీ స్టార్‌డస్ట్ అవతారం ఎత్తాడు. ఆ మరుసటి ఏడు కన్సాయి యమమోతో అతనికి జపనీస్ ఛాయల దుస్తులు రూపొందించాడు. ఆడా మగా తేడా చెరిపే సరదా, కాటుక, మెరుపు అన్నీ వాళ్లవే. అయితే ఆ బట్టలేమిటో చూడండి: శాటిన్, వెల్వెట్, 1946 నుంచి అమ్మకంలో ఉన్న లూరెక్స్ జరీ నూలు. వాటిలో చాలామటుకు నేసిన బట్టలు. నేసిన బట్ట సాగదు. అందుకే ఆనాటి ఆకృతిలో వెడల్పు ఎక్కువ. మోకాలి నుంచి విచ్చుకునే బెల్‌బాటమ్‌లు, భుజాల దగ్గర లేచే జాకెట్లు, ఎత్తు మడమల బూట్లు. వాళ్లు దుస్తులతో శరీరం చుట్టూ ఇంకో ఆకారం కట్టారు. ఎనభైలవాళ్లు శరీరాన్నే ఆకారం చేశారు. మధ్యలో వంతెన కావాలంటే ఫ్రెడ్డీ మెర్క్యురీ 1977 ప్రాంతంలో వేసుకున్న, బాలే నర్తకుల దుస్తును గుర్తుకు తెచ్చే లియోటార్డులు ఉన్నాయి. ఆ వంతెన కూడా నృత్యశాల నుంచే వచ్చిందని గమనించాలి. ఆలోచన డెబ్బైలదే అని నేను ఒప్పుకుంటాను. ఆకృతి మాత్రం దారానిది.

రెండో అభ్యంతరం తోలు. జూడాస్ ప్రీస్ట్ లాంటి బృందాలు బిగుతు తోలు ప్యాంట్లతో పేరు తెచ్చుకున్నాయి, మోట్లీ క్రూ కూడా తోలు వాడింది, మరి స్పాండెక్సే ఎందుకు అని అడగవచ్చు. జవాబు మోకాలిలో ఉంది. మోకాలు వంచితే దాని మీది చర్మం నిలువునా మూడో వంతుకు పైగా సాగుతుందని దుస్తుల పరిశోధకులు 1960లలోనే కొలిచారు. అంత సాగని బట్ట ఏదైనా సరే ఒంటి మీద జారాలి, లేదా వదులుగా ఉండాలి, లేదా చిరగాలి. తోలు కొంత సాగుతుంది, కానీ పూర్తిగా వెనక్కి రాదు. కొన్ని ప్రదర్శనలకే మోకాళ్ల దగ్గర సంచులు కడుతుంది. బరువు, వేదిక దీపాల వేడి సరేసరి. జూడాస్ ప్రీస్ట్ గాయకుడు హాల్‌ఫర్డ్ తోలులో ఠీవిగా నిలబడి పాడగలడు. వాన్ హేలన్ గాయకుడు డేవిడ్ లీ రాత్ లాగా డ్రమ్ముల దిమ్మె మీద నుంచి కాళ్లు చాపి ఎగరాలంటే మాత్రం తోలు కన్నా అల్లిక బట్ట మీదే నమ్మకం పెట్టుకోవాలి. ఒక తరం వేదికను వ్యాయామశాలగా మార్చుకుందంటే అందుకు తగిన బట్ట దొరకడం కూడా ఒక కారణం.

మూడో అభ్యంతరం వీటికన్నా బలమైనది. 1981 ఆగస్టు 1న ఎంటీవీ మొదలైంది, పాట చూసే వస్తువైంది, బృందాలు కంటికి ఆనే వేషాలు కట్టాయి. దారం ఉన్నా లేకున్నా అది జరిగేదే అంటారు. కోరిక పుట్టించింది టెలివిజనే, అందులో సందేహం లేదు. కానీ కోరికకు రూపం ఇచ్చేది చేతికి అందే సామగ్రి. ఒక చిన్న క్లబ్బులో వాయించే బృందానికి యమమోతో అందడు. ఏరోబిక్స్ గిరాకీ పుణ్యమా అని పులిచారలు, చిరుతమచ్చలు, మెరిసే గులాబీ రంగులు అచ్చువేసిన సాగే బట్ట మాత్రం నృత్య దుస్తుల కొట్టులో దొరికేది. సాగుతుంది కనుక కొలతల పట్టింపు తక్కువ; ఆడవాళ్ల విభాగంలో కొన్నది మగవాడికీ పట్టేది. ట్విస్టెడ్ సిస్టర్ దుస్తుల వెనక పెద్ద ఫ్యాషన్ సంస్థేదీ లేదు, వాటిని కుట్టింది గాయకుడు డీ స్నైడర్ భార్య సుజెట్. ఆడా మగా హద్దు చెరిపింది సిద్ధాంతమెంతో బట్ట సౌలభ్యమూ అంతే అని నాకనిపిస్తుంది. జుట్టు విషయంలోనూ ఇంతే. ఆ ఎత్తు నిలబెట్టింది హెయిర్‌స్ప్రేలోని పాలిమర్ జిగురు. ఓజోన్ పొరను దెబ్బతీసే సీఎఫ్‌సీ వాయువులను అమెరికా 1978లోనే చాలా స్ప్రే డబ్బాల నుంచి తొలగించింది కనుక, వాటికి బదులు వచ్చిన హైడ్రోకార్బన్లు సులువుగా అంటుకునేవి. సిగరెట్లూ బాణసంచా మధ్య ఆ తలలు ఎలా బతికాయన్నది వేరే ఆశ్చర్యం.

ఇప్పుడు ఎవరైనా ఆ వేషం కట్టదలిస్తే పెట్టుబడి ప్యాంటు బట్ట మీద పెట్టాలి. ఎనభై పాళ్లు నైలాన్, ఇరవై పాళ్లు స్పాండెక్స్ కలిసిన, అడ్డంగానూ నిలువునా సాగే అల్లిక బట్ట దానికి సరిపోతుంది. మెరుపు స్పాండెక్స్‌ది కాదు, నైలాన్‌ది. మెరుపు చంపడానికి నైలాన్‌లో టైటానియం డయాక్సైడ్ కలుపుతారు కనుక అది కలపని రకం చూసుకోవాలి. మన బజారులో లైక్రా పేరుతో దొరికే లెగ్గింగులు చాలావరకు కాటన్‌లో కొద్దిపాటి స్పాండెక్స్ కలిపినవి. అవి ఒంటికి హాయిగా ఉంటాయి గానీ దీపాల కింద వెలగవు. కుట్టు తిన్నగా వేస్తే మొదటి గెంతుకే దారం పటపట తెగుతుంది. బట్టతో పాటు కుట్టూ సాగాలి కనుక జిగ్‌జాగ్ కుట్టో ఓవర్‌లాకో వేయించాలి. తళుకులు మోకాలు, తుంటి వదిలేసి కుట్టుకోవాలి. కండువాలు, కాటుక, మేకుల పట్టీలు ఆ తర్వాత చూసుకుంటే చాలు.

అసలు ఎనభైల నాటి ప్యాంటునే కొని తొడుక్కుందామనుకుంటే మాత్రం రసాయనం అడ్డుపడుతుంది. పాలీయూరితేన్‌ను తేమ, వెలుతురు, గాలిలోని ఆక్సిజన్, చెమట మెల్లగా తింటాయి. గొలుసులు తెగేకొద్దీ బిగువు పోతుంది. బట్టలు భద్రపరిచే మ్యూజియం నిపుణులకు ఇదొక తలనొప్పి. నైలాన్ భాగం చెక్కుచెదరకుండా ఉంటుంది కనుక పైకి ప్యాంటు కొత్తదానిలాగే కనిపిస్తుంది, చారలూ మెరుస్తూనే ఉంటాయి. కానీ కాలు దూర్చి లాగితే సాగినది సాగినట్టే ఉండిపోయి, పిక్కల దగ్గర వదులుగా వేలాడుతుంది. గ్రంజ్ సంగీతం వచ్చి 1991 తర్వాత ఆ వేషాన్ని వేదిక దించేసిందని సంగీత చరిత్రకారులు రాస్తారు. దారం మాత్రం ఎక్కడికీ పోలేదు. నూటికి రెండు మూడు పాళ్లుగా జీన్స్‌లోకి చేరింది. ఆ కాస్త కలయికే ఇవాళ పాత బట్టల్లోంచి నూలును వేరుచేసి మళ్లీ వడికే కర్మాగారాలకు పెద్ద అడ్డంకిగా తయారైంది.