‘బజార్’: అమాయకత్వానికి కట్టిన వెల

మఖ్దూం మొహియుద్దీన్ గజల్ ఒకటి సినిమా పాటగా దేశమంతా పాడుకున్నారు. ఆ పాట ఉన్న హిందీ చిత్రం ‘బజార్’ (1982) గురించి మాత్రం మనలో చర్చ తక్కువ. ‘కభీ కభీ’, ‘సిల్‌సిలా’ చిత్రాల రచయిత సాగర్ సర్హదీ దర్శకుడిగా తీసిన తొలి చిత్రమిది. కథాస్థలం హైదరాబాదు.

గల్ఫ్‌లో డబ్బు గడించిన షాకిర్‌కు పడుచు పెళ్ళాం కావాలి. అతని దయ మీద ఆధారపడిన అఖ్తర్, అఖ్తర్‌ను నమ్ముకున్న నజ్మా (స్మితా పాటిల్) ఆ పని నెత్తిన వేసుకుంటారు. ఇది జరిగితే తమ పెళ్ళికీ దారి దొరుకుతుందని నజ్మా ఆశ. షాకిర్ కన్ను షబ్నం (సుప్రియా పాఠక్) మీద పడుతుంది. ఆమె, పేదవాడైన సర్జూ (ఫారూఖ్ షేక్) ప్రేమించుకున్నారు. పేదరికం ముందు ఆ ప్రేమ నిలవదు. షబ్నం ప్రాణం తీసుకుంటుంది.

దీనిని విఫలప్రేమ కథగా చూస్తే పొరపాటు. ఇందులో పోయేది రెండు రకాల అమాయకత్వం. ప్రేమ బజారుకు అతీతమైనదని నమ్మడం సర్జూ, షబ్నంల అమాయకత్వం. తన చేతులకు మట్టి అంటలేదనుకోవడం నజ్మా అమాయకత్వం. మొదటిది పోతే ఒక ప్రాణం పోయింది. రెండవది పోతే ఒక మనిషి తన నేరాన్ని గుర్తించింది. చిత్రం విలువ ఈ రెండవ దానిలోనే ఉంది.

ఈ బజారు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1948లో నిజాం పాలన, 1949లో జాగీర్దారీ పోయాయి. ఆ కొలువులను నమ్ముకున్న కుటుంబాలెన్నో బతుకుతెరువు కోల్పోయాయి. 1973 తర్వాత చమురు డబ్బు పెరిగింది. లేమి ఒకవైపు, డబ్బు ఒకవైపు ఉంటే మధ్యలో దళారీ పుడతాడు.

దీనిని ఒక మతానికి అంటగట్టేవారు ‘కన్యాశుల్కం’ మరచినట్టే. విశాఖపట్టణం జిల్లాలో మూడేళ్ళలో 1,034 శుల్క వివాహాలు లెక్కకు వచ్చాయని గురజాడ 1897 నాటి తన పీఠికలో రాశారు.

లోపం లేదని కాదు. గజళ్ళ మాధుర్యం అక్కడక్కడ ఆకలి కరకుదనాన్ని మెత్తబరుస్తుంది. ప్రేక్షకుడు కన్నీరు పెట్టి తృప్తిపడే ప్రమాదం ఉంది.

ఉప్పుగూడ వంటి పాతబస్తీ వాడలో ఈ చిత్రం వేసి చర్చ పెడితే, షాకిర్ ఎంత దుర్మార్గుడన్నది అసలు ప్రశ్న కాదు. ఇల్లు చూపించింది ఎవరు? నికా చదివింది ఎవరు? తెలిసీ ఊరుకున్నది ఎవరు? నజ్మా తనను తాను వేసుకున్న ప్రశ్న అదే. మనమూ వేసుకోవాలి.